అడుగు లేని కంటైనర్

బంగాళాదుంపను నేల నుంచి విముక్తం చేస్తున్నట్టు మన ఉద్యాన శాఖ మంత్రిగారు ప్రకటించిన రోజున నేను అక్కడే ఉన్నాను. ఉండక తప్పదు. ఉద్యాన శాఖ కార్యాలయానికి సరిగ్గా ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు నాది. మంత్రిగారి ఉపన్యాసం నాలుగు వందల కాపీలు తీసింది కూడా నేనే. అందులో 'చారిత్రాత్మక' అనే మాట తొమ్మిది సార్లు ఉంది. పదోసారి మంత్రిగారు సొంతంగా కలిపారు. అలా కలపగలిగిన వాళ్లు ఈ రోజుల్లో అరుదు.

"తరతరాలుగా బంగాళాదుంప చీకట్లో మగ్గుతోంది" అన్నారు మంత్రిగారు. "నేలలో వేసిన దుంప ఎక్కడుందో, ఎంతుందో, అసలు ఉందో లేదో ప్రభుత్వానికి తెలీదు. కనిపించని దాన్ని అభివృద్ధి చేసేదెలా?"

ఈ ప్రశ్న ఇంతకాలం మనలో ఒక్కరికీ తట్టలేదు. మంత్రిగారు ఒక నీలం బకెట్ తెప్పించి, బల్ల మీద బోర్లించారు. మట్టితో పాటు ఐదు దుంపలు పడ్డాయి. ఐదూ ఒకే సైజు, ఐదూ శుభ్రంగా కడిగినవి. అదీ కంటైనర్ సాగు మహిమ అని, నేలను బోర్లించగల మొనగాడు ఎవరైనా ఉంటే ముందుకు రావాలని ఆయన సవాలు విసిరారు. ఎవరూ రాలేదు. దాంతో సమగ్ర గృహ కంటైనర్ బంగాళాదుంప అభివృద్ధి పథకం అమల్లోకి వచ్చింది. ఇంటికో కంటైనర్. బకెట్ కావచ్చు, డ్రమ్ము కావచ్చు, గోనె సంచి కావచ్చు. అడుగున నీరు పోవడానికి రంధ్రాలుండాలి. వారానికోసారి ప్రగతి నివేదిక పంపాలి.

పథకం బాధ్యత మా ఎదురు కార్యాలయంలోని ఉద్యాన అధికారిగారి మీద పడింది. ఆయన్ని అందరూ ప్రోగ్రెస్‌గారు అంటారు. ఫోనెత్తితే ఆయన హలో అనరు, "ప్రోగ్రెస్ ఎంత?" అంటారు. ఒకసారి కూతురికి జ్వరంగా ఉందని భార్య ఫోన్ చేస్తే అప్పుడూ అదే అడిగారట. నూట రెండు అని ఆవిడ చెబితే, "గుడ్, ఇదే స్పీడు మెయిన్‌టెయిన్ చెయ్యండి" అని పెట్టేశారట. అంత నిష్ఠ గల అధికారి దొరకడం మా వీధి అదృష్టం.

ప్రోగ్రెస్‌గారి ఆదేశం ప్రకారం ప్రతి సోమవారం ఉదయం పది గంటలకు ఇంటింటా మొక్కను పీకాలి. వేళ్ల దగ్గర దుంప ఎంత ఊరిందో పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలి. పంపాలి. మళ్లీ నాటాలి. మా పక్క షాపు టైలరు టేపుతో కొలిచి నడుము, పొడవు విడివిడిగా రాసి పంపేవాడు. మూడో సోమవారానికి వీధిలో సగం మొక్కలు తలలు వాల్చేశాయి. నాలుగోసారి పీకడానికి పెద్దగా శ్రమపడక్కర్లేకపోయింది. చచ్చిన మొక్కల గురించి ఏం రాయాలని టైలరు అడిగితే, "మొక్క దశ విజయవంతంగా పూర్తయింది అని రాయండి" అన్నారు ప్రోగ్రెస్‌గారు. ఆ వారం పథకం యాభై శాతం పూర్తయినట్టు పేపర్లో వచ్చింది.

ఇక్కడ మా వదిన గురించి చెప్పాలి. వదిన అంటే మా ఆవిడ అక్క. మా తోడల్లుడు పోయాక ఆవిడకు మిగిలినవి రెండు: ఒక పెద్ద గిన్నె, ఇంటి వెనక పెరడు. ఆ గిన్నెతోనే మెస్సు నడుపుతోంది. అవతలి వీధి ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసే పన్నెండు మంది రెండు పూటలా అక్కడే తింటారు. పెరట్లో ఏడు సాళ్ల బంగాళాదుంప వేస్తుంది. ఆ పంట చేతికొస్తే నాలుగు నెలలు మెస్సుకు ఢోకా లేదు. రాకపోతే కూర లేదు, కూర లేకపోతే మెస్సు లేదు. లెక్క అంతే. మొక్కలు జానెడయ్యాక రోజూ పొద్దున్నే పారతో మొదళ్లకు మట్టి ఎగదోస్తూ ఉంటుంది. ఆ పనిలో ఉన్నప్పుడు పలకరిస్తే ఆవిడకు చిరాకు.

పథకం వచ్చేనాటికి వదిన మొక్కలు జానెడు దాటాయి. బంగాళాదుంప వేసిన ప్రతివాళ్లూ వారంలోగా రిజిస్టరు చేసుకోవాలని, లేకపోతే దాన్ని అనధికార పంటగా భావిస్తామని నోటీసు వచ్చింది. దాని కాపీలూ నేనే తీశాను. వదిన కొంగుకు మట్టి చేతులు తుడుచుకుంటూ షాపుకొచ్చింది. ఆన్‌లైన్ ఫారం నేను నింపిపెడతాననీ, ఇలాంటివి రోజుకు యాభై చేస్తుంటాననీ కొంచెం గొప్పగానే చెప్పాను.

కంటైనర్ రకం అని మొదటి గడి. వదిన నేల అని చెప్పింది. లిస్టులో నేల లేదు. బకెట్, డ్రమ్ము, గోనె సంచి, పాత టైరు, ఇతరములు ఉన్నాయి. ఇతరములు నొక్కాను.

"కెపాసిటీ అడుగుతోంది వదినా. లీటర్లలో. పొడవు, వెడల్పు సరే, లోతెంతని వెయ్యమంటారు?"

వదిన చాలాసేపు ఆలోచించింది. "ఇన్నేళ్లుగా తవ్వుతున్నా మరిదిగారూ, నాకైతే అడుగు తగల్లేదు."

సున్నా కొడితే కంప్యూటరు ఒప్పుకోలేదు. ఖాళీ వదిలినా ఒప్పుకోలేదు. ఆ గడిలో ఐదంకెలు పడతాయి. ఐదు తొమ్మిదులు కొట్టాను, ఆకుపచ్చ టిక్కు వచ్చింది. తర్వాతి గడిలో అడుగు ఉందా, లేదా అని ఉంది. లేదు అని నొక్కాను. చివర్లో దాన్ని ప్రింటు తీసి, పై వివరాలన్నీ వాస్తవమని నింపినవారు సంతకం చేసి ఆఫీసులో ఇవ్వాలి. చేసి, అలవాటు కొద్దీ షాపు స్టాంపు కూడా వేశాను.

"అబద్ధమేం రాయలేదు కదా?" అని అడిగింది వదిన.

ఒక్క ముక్క కూడా రాయలేదన్నాను. ఆ మాట నిజమే. ఆ రోజు నుంచి నిజమంటే నాకు కొంచెం భయం పట్టుకుంది.

పదిహేను రోజుల తర్వాత సభలో మంత్రిగారు లేచి నిలబడి, మన దగ్గర తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది లీటర్ల బంగాళాదుంప కంటైనర్ ఉందని, అదీ ఒక సామాన్య గృహిణి పెరట్లో ఉందని ప్రకటించారు. ప్రపంచంలో ఇంతకన్నా పెద్దది ఎక్కడైనా ఉంటే చూపించమన్నారు. ప్రతిపక్ష నాయకుడు ఊరుకోలేదు. తమ హయాంలో అదే కంటైనర్ సరిగ్గా లక్ష లీటర్లకు మంజూరైందనీ, ఈ ప్రభుత్వం అందులో ఒక లీటరు మింగేసిందనీ ఆరోపించాడు. ఆ లీటరు మీద ఉభయపక్షాలూ గంటన్నర సేపు చర్చించాయి. చివరికి దానిపై విచారణ జరిపించాలని నిర్ణయించారు. ప్రజాస్వామ్యం అంటే ఏమిటో మా పిల్లలకు చూపిద్దామని ఆ పేపరు కట్టింగు దాచిపెట్టాను.

మర్నాడు ఉదయమే ప్రోగ్రెస్‌గారు వదిన ఇంటికి బయల్దేరారు. దారి చూపించడానికి నన్ను జీపెక్కించుకున్నారు. కంటైనర్ మీదికెక్కి చూడ్డానికి పదిహేను మెట్ల నిచ్చెన ఒకటి జీపు మీద కట్టించారు. పెరట్లోకి వెళ్లి, నిచ్చెన భుజాన వేసుకున్న ప్యూనుతో సహా నాలుగు వైపులా చూశారు. మోకాలెత్తు మొక్కలు, పిట్టగోడ, బట్టలుతికే బండ తప్ప ఇంకేం కనిపించలేదు.

"కంటైనర్ ఎక్కడమ్మా?"

"మీరు దాని మీదే నిలబడ్డారండీ" అంది వదిన.

ప్రోగ్రెస్‌గారు చటుక్కున పక్కకు గెంతారు. అదీ దాని మీదేనని వదిన చెప్పింది. గోడ దాకా వెళ్లారు. అక్కడ కూడా అంతే. చివరికి బట్టలుతికే బండ ఎక్కి నిలబడి, అక్కడి నుంచే మాట్లాడారు. ఆయన ముఖం చూస్తే నాకు జాలేసింది. మంత్రిగారు సభలో ప్రకటించేసిన వస్తువు లేదని రాస్తే ఉద్యోగం పోతుంది. ఉందని రాయాలంటే కళ్లముందు కనబడటం లేదు. ఇలాంటి ఇరకాటంలో మీరూ నేనూ అయితే బేలగా కూర్చుండిపోతాం. ప్రోగ్రెస్‌గారు మాత్రం రెండు నిమిషాల్లో తేరుకున్నారు.

"ఇది నేల అని ఎవరన్నారు?" అని అడిగారు. ఎవరూ అనలేదు. "మంత్రిగారు కంటైనర్ అన్నారు. కాబట్టి ఇది కంటైనరే. కాకపోతే డిఫెక్ట్ ఉంది. అడుగు లేదు, ఫారంలో స్పష్టంగా రాశారు."

ఆ డిఫెక్టును పరిశీలించడానికి ముగ్గురు నిపుణులతో కమిటీ పడింది. ఒకాయన బకెట్లలో పరిశోధన చేసినవాడు, ఇంకొకాయన డ్రమ్ములలో. మూడో ఆయన అన్ని కమిటీల్లోనూ ఉంటాడు. వాళ్లు పెరట్లో ఒక మధ్యాహ్నమంతా గడిపి, ముప్పై పేజీల నివేదిక ఇచ్చారు. పన్నెండు కాపీలు తీస్తూ నేను కాస్త చదివాను. పరిశీలించిన కంటైనర్‌కు అడుగు పూర్తిగా లోపించిందనీ, అందువల్ల నీరు, పోషకాలు, వానపాములు ఎడతెరిపి లేకుండా కిందికి లీకవుతున్నాయనీ రాశారు. ఈ లీకేజీ ఎంతకాలంగా జరుగుతోందో అంచనా వెయ్యడానికి మరో కమిటీ అవసరమన్నారు. వెంటనే కాంక్రీటు అడుగు వేయించాలని సిఫార్సు చేశారు. వేసిన అడుగులో నీరు కిందికి పోవడానికి నూట ఎనభై రంధ్రాలు పెట్టాలని దాని కిందే రాశారు.

వదిన వీధిలో బకెట్లన్నీ చూసింది కాబట్టి ఇదీ ఒక తమాషా అనుకుంది. అడుగు వెయ్యాలంటే ముందు పైనున్నదంతా తియ్యాలని నేను చెప్పాక ఆవిడ ముఖం మారిపోయింది. ఆ కంటైనర్‌ను చూడ్డానికి మంత్రిగారి పర్యటన ఇంక పదిహేను రోజుల్లో ఉంది, ఆలోగా అడుగు పడాలి. దుంప ఊరడానికి ఇంకా నాలుగు వారాలు కావాలి.

"నాలుగు వారాలే కదా అడుగుతున్నా. తర్వాత అడుగు వేసుకుంటారో, మూత పెట్టుకుంటారో వాళ్లిష్టం. ఇప్పుడు పీకితే గోళీలు కూడా రావు మరిదిగారూ. ఆ పన్నెండు మందికి ఏం పెట్టను? మీరు రాసిపెట్టండి, మీకు ఆఫీసులో అందరూ తెలుసు కదా."

రాసిపెట్టాను. పదకొండేళ్లుగా నేను టైపు చేసిన అర్జీల్లో అంత మంచిది ఇంకోటి లేదు. సదరు స్థలం కంటైనర్ కాదనీ, ఉత్త నేల మాత్రమేననీ, పంట చేతికొచ్చే దాకా దయచేసి ముట్టుకోవద్దనీ విన్నవించాను. కింద వదిన సంతకం పెట్టింది. స్వయంగా తీసుకెళ్లి ప్రోగ్రెస్‌గారి బల్ల మీద పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు. కోప్పడలేదు. కూర్చోబెట్టి టీ కూడా తెప్పించారు.

"నేలే అనుకుందాం. మరి కంటైనర్ అని రిజిస్టరు చేసిందెవరు? తొంభై తొమ్మిది వేల లీటర్లని సభను తప్పుదోవ పట్టించిందెవరు? ఇక్కడ సంతకం ఎవరిది?" అని ప్రింటు తీసిన ఫారం నా వైపు తిప్పారు. సంతకం నాదే. పక్కన షాపు స్టాంపు, ఫోన్ నంబరుతో సహా, చక్కగా పడింది.

నేను టీ తాగాను. ఆయన ఫారాన్ని మళ్లీ ఫైల్లో పెట్టేశారు. తర్వాత, ఆ అర్జీ తనకింకా చేరలేదనుకుంటే అందరికీ మంచిదని అన్నారు. నేను దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఏమైందని వదిన అడిగితే, పరిశీలనలో ఉందని చెప్పాను. ఆ మాటను వేలసార్లు కాపీ తీసి ఉంటాను. నోటితో అనడం అదే మొదటిసారి. సిగ్గేసింది. అయినా మర్నాడు మామూలు టైముకే షాపు తెరిచాను.

పనులు రికార్డు వేగంతో మొదలయ్యాయి. మట్టి తవ్వే మిషను వీధిలోకి వస్తున్న చప్పుడు వినగానే వదిన పార తీసుకుని పెరట్లోకి పరిగెత్తింది. ఏడు సాళ్లూ తనే తవ్వుకుంది. ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. నేను సాయం చేయబోతే పార నా వైపు చూపించి వద్దంది. బొటనవేలంత దుంపలు. వేలితో రాస్తే తోలు ఊడొస్తోంది. అంతా కలిపి ఒక బేసిన్ కూడా నిండలేదు. మిషను డ్రైవరు మంచివాడు. ఇంజిను ఆపి, ఆవిడ చివరి మొక్క తీసేదాకా కూర్చుని, తర్వాత ఒక్క గంటలో నిలువెత్తు గొయ్యి చేశాడు.

ఆ మధ్యాహ్నం వదిన ఆ దుంపలన్నీ ఒకేసారి వండేసింది. పన్నెండు మందీ వచ్చి తిన్నారు. మామూలుగా మారు వడ్డించమని గోల చేసేవాళ్లు ఆ రోజు ఎవరూ గిన్నె వైపు చూడలేదు. అందరిలోకి పెద్దవాడు, పుస్తకాలు కుట్టే ఆయన, చెయ్యి కడుక్కుని వచ్చి, రేపట్నుంచి ఇంకో చోటు చూసుకుంటాం అక్కా, నువ్వు బాధపడకు అన్నాడు. నాలుగు నెలల కూర ఒక్క పూటకు సరిపోయింది. వదిన ఆ పెద్ద గిన్నె తోమి, బోర్లించి, మూలన పెట్టింది. ఆ రోజు నాకూ ఒక పళ్లెం పెట్టింది. తినలేకపోయానని చెబితే మీరు నమ్మొచ్చు గానీ, తిన్నాను.

గోతిలోంచి తీసిన మట్టి మంచి సారం గలదని కమిటీలోని డ్రమ్ముల నిపుణుడు గుర్తించాడు. దాన్ని ఐదు కిలోల సంచుల్లో కట్టించి, 'పథకం మట్టి' అని ముద్ర కొట్టించి, మొక్క దశ విజయవంతంగా పూర్తయిన ఇళ్లన్నిటికీ పంచారు. మా టైలరు బకెట్‌కూ ఒకటి వచ్చింది. ఈసారి ఆ మట్టిలో మొక్క బాగా లేచింది. సోమవారం దాకా బాగానే ఉంది.

గొయ్యికి కాంక్రీటు అడుగు పడింది. నాలుగు గోడలు లేచాయి. లోపలంతా నీలం రంగు వేశారు, మంత్రిగారి మొదటి బకెట్ రంగే. నూట ఎనభై రంధ్రాలూ వరసగా, ఒక్కటి కూడా వంకర పోకుండా వచ్చాయి. నిజానికి చూడముచ్చటగా ఉంది. మట్టి ఎప్పుడు పోస్తారని వదిన అడిగింది. ఆ మట్టి ఇప్పుడు పాతిక వేల బకెట్లలో ఉందని ప్రోగ్రెస్‌గారికి అప్పుడే గుర్తొచ్చింది. కానీ ఆయన తొణకలేదు. పర్యటన అయ్యాక చూద్దామన్నారు.

పర్యటన రోజున మంత్రిగారు ముప్పై కార్లలో వచ్చారు. ఇంతకుముందు పనికిరాని నిచ్చెన ఇప్పుడు గోతిలోకి దిగడానికి పనికొచ్చింది. మంత్రిగారు దిగారు, వెనకే ప్రోగ్రెస్‌గారు, కమిటీ, రిపోర్టర్లు, ఫొటోలు తీసేవాళ్లు దిగారు. నేనూ దిగాను, కరపత్రాల కట్ట నా చేతిలో ఉంది కాబట్టి. అంతమంది దిగినా ఇరుకనిపించలేదు. ఐదు తొమ్మిదుల మహిమ అది. మంత్రిగారు బూటుతో అడుగును రెండుసార్లు తట్టి చూసి, గట్టిగా ఉందన్నారు. వంగి ఒక రంధ్రంలోకి చూశారు. కింద ఏముందని అడిగారు. నేల ఉంది సార్ అన్నారు ప్రోగ్రెస్‌గారు. అది మనకు సంబంధం లేదు కదా అన్నారు మంత్రిగారు. లేదన్నారు.

"మరి మట్టీ, మొక్కలూ?"

"మట్టి పోస్తే అడుగు కనిపించదు సార్."

మంత్రిగారు ఒక్క క్షణం ఆలోచించి, ప్రోగ్రెస్‌గారి భుజం తట్టారు. పారదర్శకత అంటే ఇదీ అని పక్కనున్న రిపోర్టరుతో అన్నారు.

తర్వాత ఇంటావిడను పిలవమన్నారు. వదిన నిచ్చెన దిగి వచ్చింది. ఆవిడకు ఏం మాట్లాడాలో ప్రోగ్రెస్‌గారు పొద్దుటే కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం ఆవిడ చేతిలో లేదు. ఆవిడ ముఖం చూస్తే, అన్నీ చెప్పేయడానికే దిగినట్టుంది. ఒకవైపు చెప్పేస్తే బాగుండనిపించింది. ఇంకోవైపు నా సంతకం గుర్తొచ్చింది.

"ఏమ్మా, ఇంతకుముందు నేలలో వేసేదానివట కదా. ఎంతమందికి సరిపోయేది?" అని ఆప్యాయంగా అడిగారు మంత్రిగారు.

"పన్నెండు మంది తినేవాళ్లండీ. నాలుగు నెలలు. ఆ పంట మీదే మా మెస్సు నడిచేది."

"మరి ఇప్పుడో?"

"ఇప్పుడు ఒక్కళ్లూ లేరండీ. ఒక్క దుంప లేదు. మీ వాళ్లొచ్చి మొత్తం తవ్వేశారు. మెస్సు మూసేశాను."

ఆ నీలం గోడల మధ్య ఆవిడ గొంతు ఖంగున మోగింది. ప్రోగ్రెస్‌గారు గోడకు ఆనుకున్నారు. కమిటీలో మూడో ఆయన అప్పటికే నిచ్చెన మీద సగంలో ఉన్నాడు. రిపోర్టర్లు కలాలు ఎత్తి పట్టుకుని మంత్రిగారి వైపు చూస్తున్నారు. మంత్రిగారు తలాడిస్తూ కాసేపు కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి ఆ కళ్లలో నిజంగానే తడి ఉంది. కెమెరాల వైపు తిరిగారు.

"విన్నారు కదా. నేలలో పండించిన రోజుల్లో పన్నెండు మంది మగవాళ్లు ఈ తల్లి ఒక్కదాని మీద ఆధారపడి బతికారు. మన పథకం వచ్చి మూడు నెలలు కాలేదు. ఇవాళ ఒక్కరంటే ఒక్కరు ఆధారపడటం లేదు."

రిపోర్టర్లు తలలు వంచి రాసుకున్నారు. వదిన ఇంకా ఏదో చెప్పబోయింది గానీ, చప్పట్లలో వినబడలేదు. మొదట కొట్టింది నేనే.